నా ఛార్జిషీట్ నేనే రాసుకున్నాను

"నేను తప్పు చేయలేదు, నాకెందుకు భయం?" అనే మాట మీరు ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. ఉద్యోగం చేసేవాళ్లలో ఈ మాట అనని మనిషిని నేనింతవరకు చూడలేదు. నేనూ అన్నాను, గుండె మీద చెయ్యేసుకుని మరీ అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని నా సర్వీసు మొత్తాన్ని తీసుకెళ్లి మంటలో పెట్టబోయాను. ఈ సంగతి ఇంట్లోవాళ్లకి కూడా పూర్తిగా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. విన్నాక నామీద కోపం వస్తుంది. అయినా మన్నిస్తారన్న ధైర్యం ఉంది, ఎందుకంటే నా చోట మీరున్నా దాదాపు అదే పని చేసి ఉండేవారు.

నేను ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో ఆఫీసరుగా పనిచేశాను. గోదావరి జిల్లాలో ఓ చిన్న టౌను. అక్కడ మా బ్రాంచికి ప్రాణం గోల్డ్ లోన్లు. సార్వాకి ఎరువులు కొనాలన్నా, పిల్లాడి కాలేజీ ఫీజు కట్టాలన్నా జనం మెళ్లో గొలుసో చేతి గాజులో తీసుకుని తెల్లారేసరికి మా గుమ్మం ముందుంటారు. అప్రైజరు గీటురాయి మీద గీసి చూసి, తూకం వేసి, విలువ కట్టి సంతకం చేస్తాడు. నగలు సంచిలో పెట్టి సీలు వేసి స్ట్రాంగ్ రూములోకి పంపుతాం. ఆ రూముకి రెండు తాళాలు. ఒకటి నా దగ్గర, ఒకటి హెడ్ క్యాషియరు దగ్గర. ఇద్దరం కలిస్తేనే తలుపు తెరుచుకోవాలి. జాయింట్ కస్టడీ అంటే అదే.

ఒకసారి ఆడిట్‌కి వచ్చినవాళ్లు సంచులు విప్పి నగలు మళ్లీ పరీక్ష చేయించారు. కొన్ని సంచుల్లో ఉన్నవి గిల్టు గాజులని తేలింది. పేర్లు వేరువేరు, తీసుకున్నవాళ్లు వేరువేరు, అప్రైజరు మాత్రం ఒక్కడే. అతను మర్నాటి నుంచి రావడం మానేశాడు. టౌనంతా గుప్పుమంది. నగలు పెట్టినవాళ్లు పరుగెత్తుకొచ్చి మా బంగారం మాకు చూపించమన్నారు. వారం తిరక్కుండా రీజనల్ ఆఫీసు నుంచి ఇద్దరు ఇన్వెస్టిగేటింగ్ ఆఫీసర్లు దిగారు.

నా మనసులో అప్పుడు ఏముందో దాచకుండా చెప్పాలి. భయం లేదు సరికదా, ఒక రకమైన ఉత్సాహం ఉంది. ఎందుకంటే మా రీజియన్‌లో నా డ్రాఫ్టింగ్‌కి పేరుంది. మేనేజర్లు కూడా పైఆఫీసుకి గట్టి ఉత్తరం రాయాలంటే నాకు ఫోన్ చేసేవారు. ఆ పేరు నా తలకెక్కింది. వీళ్లు నన్ను అడిగితే జరిగిందంతా అద్దంలో చూపించినట్టు రాసిస్తాను, అది చదివాక ఇంకెవర్నీ ఏమీ అడగక్కర్లేదు, ఇంత స్పష్టంగా రాసినవాడు తప్పెలా చేస్తాడని వాళ్లే అనుకుంటారు అని నమ్మాను. చదువుకున్నవాళ్లలో చాలామందికి ఈ నమ్మకం ఉంటుంది. నాలుగు మంచి వాక్యాలు రాస్తే ప్రపంచం సర్దుకుంటుందని.

ఆ ఉదయమే మా ఆఫీసర్ల అసోసియేషన్ సెక్రటరీ గారు ఫోన్ చేశారు. పెద్దాయన. ఎన్నో ఎంక్వయిరీల్లో తోటివాళ్ల తరఫున కూర్చున్న మనిషి.

"ఏవయ్యా, వాళ్లు వచ్చారటగా. నేను సాయంత్రానికి వస్తాను. ఈలోగా తొందరపడి ఏమీ రాసివ్వకు."

"అదేంటండీ, నేనేం తప్పు చేశానని? జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను."

"చెప్పొద్దనడం లేదయ్యా. ప్రశ్నలు కాగితం మీద ఇవ్వమను. రిజిస్టర్లు చూసి జవాబిస్తానను. టైం అడుగు."

"టైం అడిగితే అనుమానిస్తారండీ."

నేను నిజంగా అన్న మాట అది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అవుతుందని నా భయం. అసోసియేషన్ వాళ్లని పిలిస్తే ఏదో చేశాడు కాబట్టే పిలిచాడంటారని భయం. కాపీ అడిగితే అతితెలివి అంటారని భయం. హక్కు అనేది దొంగలు వాడుకునే వస్తువనీ, మర్యాదస్తులు దాన్ని ముట్టుకోకూడదనీ నా తలలో ఎలా పాతుకుపోయిందో తెలియదు గానీ పాతుకుపోయింది. మీ తలలో కూడా ఓ మూల ఉండే ఉంటుంది, వెతికి చూడండి.

వాళ్లిద్దరూ చాలా మర్యాదస్తులు. టీ తెప్పించారు. "మీరు సాక్షి మాత్రమే సార్, మీకేం ఇబ్బంది ఉండదు. సంచులు సీలు వేసేటప్పుడు ఎవరెవరు ఉండేవారో రాసివ్వండి చాలు" అన్నారు. అడిగింది ఆ ఒక్క ప్రశ్న. ముగ్గురి పేర్లు రాసి సంతకం పెడితే నా పని అయిపోయేది.

నేను పెన్ను క్యాప్ తీశాను. ఇంక ఆగలేదు. బ్రాంచిలో స్టాఫ్ ఎంత తక్కువో రాశాను, రద్దీ రోజుల్లో క్యూ గేటు దాటి రోడ్డు మీదకి ఎలా పోతుందో రాశాను, ఆ రద్దీలో సంచులు ఒక్కొక్కటీ నా కళ్లతో చూడకుండానే సాయంత్రం రిజిస్టరులో వరసపెట్టి సంతకాలు చేసిన రోజులున్నాయని రాశాను, భోజనానికి వెళ్లేటప్పుడు నా తాళం ఒక్కోసారి హెడ్ క్యాషియరుకి ఇచ్చి వెళ్లానని రాశాను, అప్రైజరు ఈమధ్య కొత్త బండి కొన్నాడని రాశాను, ఇల్లు కూడా కడుతున్నాడని రాశాను, జరిగినదానికి ఒక సీనియర్ ఆఫీసరుగా నైతిక బాధ్యత నాదేనని ఆఖర్న ఓ ముగింపు కూడా రాశాను. పేజీల మీద పేజీలు. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు.

అక్కడితో అయినా ఆపానా? వాళ్లిద్దరిలో ఒకాయన నన్ను అడిగి తన మాటల్లో ఒక స్టేట్‌మెంట్ రాసుకుని, ఓసారి చూడమని నా చేతికిచ్చాడు. అప్రైజరు ఖర్చులు పెరగడం నేను గమనించి ఉండవచ్చు అనే అర్థం వచ్చేలా అందులో ఒక వాక్యం ఉంది. భాష వదులుగా ఉందనిపించింది. ఆ అనుమానపు మాటలు కొట్టేసి, గమనించాను అని స్పష్టంగా దిద్దాను. ఆయన నల్ల సిరా రాత మధ్య నా నీలం సిరా దిద్దుబాటు, పక్కనే నా పొట్టి సంతకం. ఇంకోచోట ఆయన రాసిన ఇంగ్లీషు వాక్యంలో వ్యాకరణం కూడా సరిచేశాను. ఆఖర్న, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వచ్ఛందంగా రాస్తున్నాను అని ఆయన చెప్పగా రాసి, ప్రతి పేజీ అడుగునా సంతకం పెట్టి, కరచాలనం చేసి, ఆ కట్టంతా ఆయన చేతుల్లో పెట్టి, కాపీ అయినా అడక్కుండా తృప్తిగా ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాను.

అంత హాయిగా నిద్రపోయానన్న సంగతే ఇప్పటికీ నన్ను పొడుస్తుంది.

కొన్ని నెలలకి రిజిస్టర్డ్ పోస్టులో ఛార్జిషీట్ వచ్చింది. మొదటి అభియోగం చదువుతుంటే ఈ వాక్యం ఎక్కడో చదివానే అనిపించింది. రెండోదీ అంతే. మూడోది వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది. అన్నీ నా వాక్యాలే. సంచులు చూడకుండా సంతకాలు చేశాను అన్నది విధుల్లో తీవ్ర నిర్లక్ష్యం అయింది. తాళం ఇచ్చాను అన్నది జాయింట్ కస్టడీ ఉల్లంఘన అయింది. గమనించాను అని నేను దిద్దిన మాట, మోసం జరుగుతోందని తెలిసీ పైఅధికారులకు చెప్పకుండా దాచిపెట్టడం అయింది. నైతిక బాధ్యత నాది అన్న నా అందమైన ముగింపు, నేరాన్ని అంగీకరించడం అయింది. స్టాఫ్ కొరత గురించి, క్యూ గురించి నేను రాసిన పేరాలు ఒక్కటీ అందులో లేవు.

అంతకన్నా ఘోరం మధ్యాహ్నం తెలిసింది. నేను తాళం ఇచ్చానని రాశాను కాబట్టి, పుచ్చుకున్నందుకు హెడ్ క్యాషియరుకి కూడా ఛార్జిషీట్ వచ్చింది. ఆయన కూతురి పెళ్లి ముహూర్తం అప్పటికే పెట్టుకున్నారు. నా కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడి, "తాళం సంగతిలో నా పేరు ఎందుకు రాశారండీ, మిమ్మల్ని అడిగారా?" అన్నారు. అడగలేదు. ఎవరూ అడగలేదు. నా రాత ఎంత సంపూర్ణంగా ఉంటుందో చూపించుకోవాలని నేనే రాశాను. నా చేతులు నేను కాల్చుకుంటే నా కర్మ అని ఊరుకునేవాణ్ణి. ఆ మనిషి చేతులు కూడా కాల్చాను.

ఆ సాయంత్రం సిగ్గు విడిచి సెక్రటరీ గారింటికి వెళ్లాను. ఆయన తిట్టలేదు. మంచం కింద నుంచి ఓ ప్లాస్టిక్ కవరు లాగారు. అందులో తీర్పుల జిరాక్సులు, పెన్సిలు గీతలతో. నేను రాసిన దాని గురించి చెప్పగానే ఆయన మొదట తీసింది 1961 నాటి తీర్పు, జగదీశ్ ప్రసాద్ సక్సేనా కేసు. విచారణకి ముందు ఉద్యోగి ఏదో ఒప్పుకున్నట్టు రాశాడు కదా అని, అసలు విచారణే లేకుండా అతన్ని ఇంటికి పంపడం కుదరదని సుప్రీంకోర్టు ఆ కేసులో తప్పుపట్టింది.

"రాసింది రాశావు. రాసినంత మాత్రాన కథ అయిపోలేదు. ముందు రెండు సంగతులు విడదీసి అర్థం చేసుకో" అన్నారు.

ఆయన ఆ రాత్రి చెప్పింది నాకు సర్వీసంతా ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. మా బ్రాంచికి వచ్చిన ఇద్దరూ చేసింది ప్రిలిమినరీ ఇన్వెస్టిగేషన్. అంటే ఛార్జిషీట్ ఇవ్వడానికి తగిన సమాచారం ఉందా లేదా అని సంస్థ తనకోసం తాను చూసుకోవడం. అక్కడ తోడు తెచ్చుకునే హక్కు మనకి ఉండదు, సాక్షుల్ని ప్రశ్నించే అవకాశమూ ఉండదు. అలాగని నేను రాను, చెప్పను అని మొండికేస్తే అది వేరే తప్పు అవుతుంది. తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ఎవర్నీ బలవంతం చేయకూడదని రాజ్యాంగం 20(3) చెబుతున్నా అది క్రిమినల్ కేసుల్లో నిందితులకే గానీ ఆఫీసు విచారణలకు వర్తించదు. కాబట్టి జవాబు చెప్పాలి. అడిగినంతే చెప్పాలి. రికార్డు చూసి చెప్పాలి. గుర్తులేనిది గుర్తులేదనాలి. సంతకం పెట్టినదానికి కాపీ అడగాలి, ఇవ్వకపోతే అడిగాను ఇవ్వలేదని అదే రోజు మెయిల్ పెట్టాలి.

ఛార్జిషీట్ వచ్చాక మొదలయ్యేది అసలు విచారణ, డొమెస్టిక్ ఎంక్వయిరీ. అక్కడ లెక్క మారుతుంది. మన వెనకాల తయారైన ప్రిలిమినరీ కాగితాల్ని నేరుగా ఆధారంగా చూపించి శిక్ష వేయడం చెల్లదు, ఎందుకంటే ఆ సాక్షుల్ని ప్రశ్నించే అవకాశం మనకి రాలేదు. సుప్రీంకోర్టు 2013లో నిర్మలా ఝాలా కేసులో ఈ మాట మళ్లీ గట్టిగా చెప్పింది. 1963లోనే మీంగ్లాస్ టీ ఎస్టేట్ కేసులో కార్మికుల ఎదుట సాక్షుల్ని విచారించకుండా చేసిన ఎంక్వయిరీని కోర్టు కొట్టిపారేసింది. తేయాకు తోట కూలీలకి ఉన్న హక్కు ఇది. బ్యాంకులో ఏసీ గదిలో కూర్చునే నేను, అది అడగడం నామోషీ అనుకున్నాను.

మా బ్యాంకు ఆఫీసర్ల క్రమశిక్షణ రెగ్యులేషన్లు 1976 నాటివి. ఆ పుస్తకం నా సొరుగులోనే ఎన్నేళ్లుగానో పడుంది, పేజీలు విడదీయలేదు. ఆ రాత్రి ఆయన చూపిస్తుంటే చదివాను. అభియోగాలు కాగితం మీద స్పష్టంగా ఉండాలి. జవాబు రాయడానికి గడువు ఇవ్వాలి. వాళ్ల దగ్గరున్న పత్రాలు చూడనివ్వాలి. మన తరఫు పత్రాలూ సాక్షులూ కావాలని అడగవచ్చు. తోటి ఆఫీసర్ని డిఫెన్స్ రిప్రజెంటేటివ్‌గా పెట్టుకోవచ్చు. వాళ్ల సాక్షులకి అడ్డుప్రశ్నలు వేయవచ్చు. శిక్ష పడితే 45 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. ఇవన్నీ బ్యాంకు తనంతట తాను రాసిచ్చిన మాటలు. ప్లీడరుని తెచ్చుకోవడం మాత్రం మామూలుగా కుదరదు. అయితే మేనేజ్‌మెంట్ తరఫున లా చదివినవాణ్ణి కూర్చోబెడితే ఉద్యోగికి కూడా ఆ అవకాశం ఇవ్వాలని 1982లో బొంబాయి పోర్టు ట్రస్టు కేసులో తేలింది.

ఎంక్వయిరీ మొదటి రోజు నా బుద్ధి మళ్లీ బయటపడింది. ఎంక్వయిరీ ఆఫీసరు గారు సౌమ్యంగా, "అభియోగాలు ఒప్పుకుంటారా?" అని అడిగారు. ఆయన మర్యాద చూసి కాదనడం బాగోదనిపించి, "కొంతవరకు..." అని మొదలుపెట్టాను. నా డిఫెన్స్ రిప్రజెంటేటివ్‌గా పక్కన కూర్చున్న సెక్రటరీ గారు బల్ల కింద నా మోకాలు గట్టిగా నొక్కారు. "అభియోగాలు నిరాకరిస్తున్నాం, పత్రాల పరిశీలనకి అనుమతి కోరుతున్నాం" అని ఆయనే అన్నారు. అందులో అమర్యాద ఏమీ లేదు. ఎంక్వయిరీ ఆఫీసరు కూడా ఏమీ అనుకోలేదు, రాసుకున్నారంతే. నేను ఇన్నాళ్లూ దేన్ని చూసి భయపడ్డానో అది ఒక్క లైనులో అయిపోయింది.

ఆ తరవాతి సిట్టింగుల్లో సెక్రటరీ గారు చేసిన పని నాకు కొత్త చదువు. స్టాఫ్ కావాలంటూ బ్రాంచి నుంచి పైఆఫీసుకి వెళ్లిన ఉత్తరాలన్నీ తెప్పించమన్నారు. అందులో సగం నేను డ్రాఫ్టు చేసినవే. లంచ్ టైంలో నా బదులు ఎవరు ఉండాలో చెప్పే ఆర్డరు ఏదైనా ఉందా అని అడిగారు. లేదు. ఆ అప్రైజర్ని బ్రాంచిలో పెట్టుకోవాలని నిర్ణయించింది ఎవరో ఆ ఫైలు చూపించమన్నారు. ఆరోజు నా స్టేట్‌మెంట్ తీసుకున్న ఇన్వెస్టిగేటింగ్ ఆఫీసరు సాక్షిగా వచ్చినప్పుడు ఆయన్ని మెల్లగా, గొంతు పెంచకుండా అడిగారు.

"మీరు ఆరోజు ఈయనకి సాక్షి మాత్రమే అని చెప్పారా?"

"చెప్పాను."

"ఈయన మీద అభియోగం రావచ్చని చెప్పారా?"

"అప్పటికి లేదండీ."

"స్టేట్‌మెంట్ కాపీ ఇచ్చారా?"

"అడగలేదండీ."

ఆ జవాబు విన్నప్పుడు తల దించుకున్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు. అడగలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, నేను రీజనల్ ఆఫీసు పెడుతుందనుకున్నాను.

అప్రైజర్ని సాక్షిగా తీసుకురాలేదు. గిల్టు అని తేల్చిన రెండో అప్రైజరు రిపోర్టు బల్ల మీదకి వచ్చింది గానీ ఆ మనిషి రాలేదు. కాగితం బల్ల మీద పెట్టినంత మాత్రాన అందులోది రుజువైనట్టు కాదని, దాన్ని ఎవరో వచ్చి రుజువు చేయాలని రూప్‌సింగ్ నేగి కేసులో కోర్టు చెప్పింది. అదీ బ్యాంకు ఉద్యోగి కేసే. ఆ పేరా జిరాక్సు తీసి సెక్రటరీ గారు ఎంక్వయిరీ ఆఫీసరు ముందు పెట్టారు. ఎంక్వయిరీ ఆఫీసరు అంటే మేనేజ్‌మెంట్ ప్రతినిధి కాదు, రెండువైపులా విని తేల్చాల్సిన మనిషి అని 2010లో సరోజ్ కుమార్ సిన్హా కేసులో చెప్పిన మాట కూడా వినయంగానే గుర్తుచేశారు.

ఎంక్వయిరీ రిపోర్టు వచ్చాక దాని కాపీ నాకు పంపారు. దానికి జవాబు రాసుకునే అవకాశం ఇచ్చారు. ఈ కాపీ హక్కు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? హైదరాబాదు నుంచి. ఈసీఐఎల్ వర్సెస్ కరుణాకర్ కేసులో 1993 అక్టోబరు 1న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, శిక్ష వేసేముందు ఎంక్వయిరీ రిపోర్టు ఉద్యోగికి ఇచ్చి తీరాలని. ఆ రిపోర్టు ఏమందో తెలియకుండా ఉద్యోగి తనను తాను ఎలా కాపాడుకుంటాడన్నది దాని సారాంశం. ప్రభుత్వ ఉద్యోగులకీ, ప్రభుత్వ రంగంలో వాళ్లకీ, ప్రైవేటు సంస్థల్లో వాళ్లకీ అందరికీ అది వర్తిస్తుందని చెప్పారు. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌లో బస్సు దిగి మా చెల్లెలింటికి నడిచి వెళ్లిన రోజులు ఎన్నో ఉన్నాయి. ఆ పేరు మీద దేశమంతా ఉద్యోగులు నిలబడుతున్నారని అప్పుడు తెలియదు.

మోసం తెలిసీ దాచాడన్న అభియోగం రుజువు కాలేదు. సంచులు చూడకుండా సంతకాలు చేయడం రుజువైంది. అది నిజం, నేను చేశాను. దానికి ఇంక్రిమెంట్లు ఆపారు. ఆ శిక్ష మీద నాకు ఫిర్యాదు లేదు. చేసినదానికి చేసినంత పడింది, చేయనిది పడలేదు. న్యాయమైన విచారణకి ఇంతకన్నా వేరే అర్థం నాకు తెలియదు. హెడ్ క్యాషియరు గారు మందలింపుతో బయటపడ్డారు. పెళ్లి అయింది, నన్ను పిలిచారు, వెళ్లాను. ఆయన చేయి పట్టుకుని క్షమించమన్నాను. "పోనీండి, ఇకముందు ఎవరి పేరైనా రాసేముందు ఆలోచించండి" అన్నారు.

ఇది బ్యాంకు ఆఫీసర్ల గొడవే అనుకోకండి. గవర్నమెంటు ఉద్యోగులకి రాజ్యాంగం 311(2) ఉంది. అభియోగాలేమిటో చెప్పి, వాదించుకునే తగిన అవకాశం ఇస్తూ విచారణ జరపకుండా డిస్మిస్ చేయడం, తొలగించడం, హోదా తగ్గించడం కుదరదు. మినహాయింపులున్నా అవి అరుదుగా వాడేవి. రాష్ట్ర ఉద్యోగులకి 1991 నాటి సీసీఏ రూల్స్ పుస్తకం ఉంది. ఛార్జిషీట్ ఇవ్వకుండా మూడు నెలలు దాటి సస్పెన్షన్‌లో ఉంచకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్యాక్టరీ కార్మికుణ్ణి విచారణ పేరుతో సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం అతనివల్ల కాకపోతే ఆ తరవాత ముప్పాతిక జీతం ఇవ్వాలి. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టంలోని ఈ లెక్కే 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. ఆ డబ్బు ఇవ్వకపోతే ఏమవుతుందో కోలార్ బంగారు గనుల సెక్యూరిటీ ఆఫీసరు పాల్ ఆంథోనీ కేసు చెబుతుంది. సస్పెన్షన్‌లో పైసా ఇవ్వలేదు, కేరళలోని సొంతూరి నుంచి ఎంక్వయిరీకి రావడానికి చార్జీలు లేవు, ఆయన లేకుండానే విచారణ ముగించి తీసేశారు. 1999లో సుప్రీంకోర్టు ఆ విచారణ చెల్లదంది. ఆకలితో ఉన్నవాడికి వాదించుకో అని చెప్పడం అవకాశం ఇచ్చినట్టు కాదు కదా.

ప్రైవేటు ఉద్యోగాల్లో ఈ రక్షణ పలచగా ఉంటుంది, అందుకే అక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. హైటెక్ సిటీలో పనిచేసే మా మేనల్లుడు ఒక రాత్రి ఫోన్ చేశాడు. హెచ్ఆర్ వాళ్లు గదిలోకి పిలిచారట, ల్యాప్‌టాప్ తీసుకున్నారట, కంపెనీ ఫైలు బయటికి పంపావన్నారట, ఇప్పుడే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం లేకపోతే టెర్మినేషన్ అన్నారట.

"ఏం చేశావురా?"

"నేను తప్పు చేయలేదు మావయ్యా. అందుకే ఏం అడిగితే దానిమీద సంతకం పెట్టేశాను."

ఆ మాట వినగానే వాడి మీద కోపం రాలేదు, నా రక్తమే అనుకున్నాను. ఆ రాత్రే మెయిల్ రాయించాను. ఏ గదిలో, ఎన్ని గంటలకి, ఎవరు ఏమన్నారో, తను ఎందుకు సంతకం పెట్టాడో, అది తన ఇష్టంతో పెట్టింది కాదని. బలవంతంగా రాజీనామా చేయించారని తరవాత నిరూపించడం చాలా కష్టం, ఆ భారం మనమీదే పడుతుంది. అదే రాత్రి తేదీతో ఒక కాగితం ఉంటే కాస్త నిలబడే చోటు దొరుకుతుంది. చట్టం దృష్టిలో కార్మికుడు అనిపించుకునేవాడైతే లేబర్ కోర్టు లేదా ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్ దాకా వెళ్లవచ్చు. తీసేయడం మరీ ఎక్కువ శిక్ష అనిపిస్తే దాన్ని తగ్గించే అధికారం వాటికి పారిశ్రామిక వివాదాల చట్టానికి చేసిన 1971 సవరణ ఇచ్చింది. మేనేజరు స్థాయి వాళ్లకి ఆ దారి ఉండదు, అపాయింట్‌మెంట్ లెటరే వాళ్లకి ఆధారం. అందులో ఏం రాసుందో చేరినరోజే చదవాలి. మనం జీతం అంకె చూసి మడిచి పెట్టేస్తాం.

సెక్రటరీ గారికి ఏమిచ్చి రుణం తీర్చుకోవాలని అడిగితే, "వచ్చే కేసుకి నువ్వు కూర్చో" అన్నారు. అప్పటినుంచి పక్కవాళ్ల ఎంక్వయిరీల్లో డిఫెన్స్ వైపు కూర్చుంటున్నాను. దొంగతనం చేసినవాళ్లు కూడా వస్తారు. వాళ్లకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, ఏది ఎప్పుడు అడగాలో వాళ్లకి ముందే తెలుసు. చేతులు కట్టుకుని వచ్చి, సంతకాలన్నీ పెట్టేసి, ఆఖర్న నా దగ్గరికి చేరేది ఎప్పుడూ నాలాంటివాళ్లే.

ఇన్ని కేసులు చూశాక నాకు గట్టిగా తెలిసిన సంగతి ఒకటుంది. విచారణ పద్ధతిగా జరగడం ఆరోపణ ఎదుర్కొనేవాడికే కాదు, మోసపోయినవాళ్లకీ అవసరం. అడ్డదారిలో వేసిన శిక్ష కోర్టులో నిలవదు, అప్పుడు నిజంగా తప్పు చేసినవాడు కూడా దులిపేసుకుని వెళ్లిపోతాడు. మా బ్రాంచిలో దారి వేరైనా చివరికి జరిగింది అలాంటిదే. నేను తొందరపడి నా తల ముందుకు పెట్టాను. ఒప్పుకున్న ఆఫీసరు ఒకడు దొరికాక ఆ అప్రైజర్ని తెచ్చిపెట్టింది ఎవరన్న ప్రశ్న వెంటపడి అడిగే అవసరం ఎవరికీ కనపడలేదు. మేము అడిగిన ఆ ఫైలు చివరిదాకా రాలేదు. ఆ గాజుల వెనకాల ఎవరున్నారో ఇప్పటికీ తేలలేదు. నా నిజాయితీ బ్యాంకుకి చేసిన మేలు అది.

కాబట్టి మిమ్మల్ని గదిలోకి పిలిచిన రోజు, దయచేసి మీ మంచితనం నిరూపించుకునే పని పెట్టుకోకండి. ఆరోపణ ఏమిటో కాగితం మీద ఇవ్వమనండి. రికార్డు చూపించమనండి. చదువుకోవడానికి టైం కావాలనండి. కళ్లతో చూసింది రాయండి, ఊహించింది రాయకండి, అడగని పేరు రాయకండి. సంతకం పెట్టినదాని కాపీ చేతిలో పడేదాకా కుర్చీలోంచి లేవకండి. తెలిసిన పెద్దమనిషికి ఫోన్ చేయండి, ఆయన ఆగమంటే ఆగండి. ఇవన్నీ వినయంగా, నవ్వుతూనే అడగవచ్చు. అడిగినందుకు ఎవరైనా మిమ్మల్ని అనుమానిస్తే అనుమానించనివ్వండి. ఆ అనుమానాన్ని విచారణలో తీర్చవచ్చు. మీ చేత్తో దిద్ది సంతకం పెట్టిన వాక్యాన్ని చెరపడం మాత్రం ఎవరివల్లా కాదు.